మూత మీద 91 అని ఉంటే 91 చాలు, పోయిన మైలేజ్ వేరే చోట వెతకాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, టర్బో లేదు, ఆరేళ్ల బండి. పెట్రోల్ మూత లోపల "కనీసం 91 ఆర్ఓఎన్" అని స్టిక్కర్ ఉంది, అంటే పోసే పెట్రోల్ ఆక్టేన్ నంబర్ 91కి తగ్గకూడదని. మొదట్లో లీటరుకి 17 కిలోమీటర్లు వచ్చేది, ఈ ఏడాదిగా 14 దాటట్లేదు. మీ ఫ్రెండ్ ఏమో 97 కొట్టించు, మైలేజ్ వెనక్కొస్తుంది, ఇంజన్ కూడా శుభ్రపడుతుంది అంటున్నాడు. మీరు ఒకసారి సగం ట్యాంకు కొట్టించి చూశారు, ఏదో తేడా ఉన్నట్టే అనిపించింది కానీ గట్టిగా చెప్పలేకపోతున్నారు. పైగా రెండూ కలిసిపోయాయి, ఏమన్నా అవుతుందా అని భయం.

సూటిగా చెప్పేస్తా. 91 కొట్టించండి. 97 వల్ల మీ ఇంజన్‌కి ఒరిగేదేమీ లేదు, నష్టం కూడా లేదు, డబ్బు దండగ తప్ప. రెండూ కలిస్తే ఏమీ కాదు, సగం 91, సగం 97 అయితే ట్యాంకులో దాదాపు 94 ఉన్నట్టు, అంతే. ఇక 17 నుంచి 14 అంటే దాదాపు 18 శాతం పోయింది. ఆక్టేన్ తేడాతో అంత పోవడం, అంత రావడం రెండూ జరగవు. అంటే బండిలోనో, టైర్లలోనో, నడిపే దారిలోనో ఏదో మారింది. దాన్ని పట్టుకోవాలి.

నేను ఇరవై రెండేళ్లుగా పెట్రోల్ బళ్ల మీదే పనిచేస్తున్నా, మొదట్లో కార్బ్యురేటర్ బళ్లు, తర్వాత ఇంజెక్షన్, ఇప్పుడు టర్బోలు. ఈ ప్రశ్న నెలకి రెండు మూడు సార్లు ఎవరో ఒకరు అడుగుతారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఆక్టేన్ అంటే పెట్రోల్ బలం అనుకోవడం దగ్గరే తప్పంతా మొదలవుతుంది. ఆ నంబర్ చెప్పేది ఒకటే, సిలిండర్‌లో నొక్కినప్పుడు, వేడెక్కినప్పుడు ఆ పెట్రోల్ తనంతట తాను అంటుకోకుండా ఎంతసేపు ఓర్చుకుంటుంది అని. నిప్పు రవ్వ పడేదాకా ఆగే ఓర్పు అన్నమాట. 97కి ఓర్పు ఎక్కువ, 91కి తక్కువ. రెండింట్లోనూ లీటరుకి ఉండే శక్తి మాత్రం దాదాపు ఒకటే, సుమారు 32 మెగాజౌళ్లు. నంబర్ పెరిగింది కదా అని శక్తి పెరగదు. ఆ పెంచడం ఇథనాల్ కలిపి పెంచితే లీటరుకి శక్తి తగ్గుతుంది కూడా, దాని సంగతి కింద చెప్తా.

ఈ నంబర్ ఎలా వచ్చిందంటే, ఐసో-ఆక్టేన్ అనే ద్రవానికి 100, నార్మల్ హెప్టేన్ అనే దానికి 0 అని పెట్టుకున్నారు. మొదటిది అస్సలు తొందరపడదు, రెండోది ఊ అంటే అంటుకుంటుంది. టెస్ట్ కోసమే చేసిన సింగిల్ సిలిండర్ ఇంజన్ ఒకటుంది, దాని కంప్రెషన్‌ని ఆడుతుండగానే పెంచొచ్చు, తగ్గించొచ్చు. అందులో మన పెట్రోల్ పోసి చూస్తే 91 పాళ్లు ఐసో-ఆక్టేన్, 9 పాళ్లు హెప్టేన్ కలిపిన మిశ్రమంలా ప్రవర్తించిందనుకోండి, దానికి 91 అని పేరు పెడతారు. పెట్రోల్‌లో నిజంగా 91 శాతం ఆక్టేన్ ఉందని కాదు. చాలామంది అలాగే అనుకుంటారు.

ఇంకో తికమక కూడా ఇక్కడే చెప్పేస్తా. ఆర్ఓఎన్ అనేది 600 ఆర్‌పీఎం దగ్గర నెమ్మదిగా చేసే టెస్ట్. ఎంఓఎన్ అని ఇంకోటి ఉంది, అది 900 ఆర్‌పీఎం దగ్గర, లోపలికి వెళ్లే మిశ్రమాన్ని బాగా వేడిచేసి చేస్తారు, కాబట్టి నంబర్ తక్కువొస్తుంది, మామూలుగా 8 నుంచి 12 దాకా తేడా ఉంటుంది. అమెరికాలో బంకు మీద రాసేది ఈ రెండింటి సగటు. అక్కడి 87 అంటే ఆర్ఓఎన్ లెక్కలో దాదాపు 91, 92. ఇంటర్నెట్‌లో ఎవరో 87 కొట్టిస్తున్నా ఏం కాలేదు అని రాస్తే అది చదివి మన బండికి తక్కువ నంబర్ వెతుక్కోవద్దు, ఆయన 87, మీ 91 దాదాపు ఒకటే. మీ స్టిక్కర్ మీద నంబర్ పక్కన ఏ అక్షరాలున్నాయో చూసుకోండి, అంతే.

సరే, ఈ ఓర్పు ఇంజన్‌కి ఎందుకు కావాలి? మామూలుగా స్పార్క్ ప్లగ్ దగ్గర మంట మొదలై సిలిండర్ అంతా పాకుతుంది. అది ఒక్కసారి పేలడం కాదు, పాకడమే, కాకపోతే చాలా వేగంగా. మంట ఇటునుంచి వస్తుంటే అటు చివర ఇంకా కాలని మిశ్రమం ఉంటుంది కదా, కాలిన గ్యాసు వ్యాకోచించి దాన్ని నొక్కుతుంది, అది వేడెక్కుతుంది. పెట్రోల్‌కి ఓర్పు చాలకపోతే మంట తన దగ్గరకి రాకముందే ఆ మూల ఉన్నదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ దెబ్బకి లోపల గ్యాసు గంట కొట్టినట్టు మోగుతుంది. బయటికి మనకి వినిపించేది, రేకు డబ్బాలో చిన్న మేకులు వేసి ఊపినట్టు గలగల, కటకట. దాన్నే నాకింగ్ అంటారు, కొందరు పింగింగ్ అంటారు. ఎక్కువగా ఎత్తు ఎక్కేటప్పుడు, పెద్ద గేర్‌లో తక్కువ ఆర్‌పీఎం మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వస్తుంది.

అది మరీ ఎక్కువైతే ఏమవుతుందో నేను నేర్చుకున్నది ఒకరి ఇంజన్ పాడుచేసి. పనిలో చేరిన రెండో ఏడు, ఒక కార్బ్యురేటర్ బండి వచ్చింది, పికప్ లేదన్నారు. ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పి స్పార్క్ టైమింగ్ ముందుకి జరిపితే పికప్ వస్తుందని అప్పటికే తెలుసు, ఎంత జరపాలో మాత్రం తెలీదు. టైమింగ్ లైట్ పెట్టే ఓపిక లేక చెవితో విని జరిపేశా. ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు, బండి ఎగిరి పోతోందన్నాడు. నెలన్నర తర్వాత తాడు కట్టి లాక్కొచ్చారు. విప్పితే మూడో పిస్టన్ అంచు ఎలుక కొరికినట్టు ఉంది, రింగు కూర్చునే గట్టు విరిగిపోయింది. ఎత్తు ఎక్కుతుంటే గలగలమనేదట, వాల్వుల దగ్గర మామూలుగా వచ్చే ట్యాపెట్ సౌండ్ అనుకున్నాడట. మా మేస్త్రి నన్నేమీ అనలేదు, ఆ పిస్టన్ తీసుకెళ్లి నా టూల్ బాక్స్ మీద పెట్టాడు. చాలా ఏళ్లు అది అక్కడే ఉంది.

ఇప్పటి బళ్లలో అలా జరగడం అరుదు, ఎందుకంటే బ్లాక్ మీద నాక్ సెన్సార్ అని చిన్న బిళ్లలాంటిది ఉంటుంది, ఆ గలగల మనకి వినిపించకముందే పసిగట్టి కంప్యూటర్‌కి చెప్తుంది. కంప్యూటర్ వెంటనే స్పార్క్‌ని కొన్ని డిగ్రీలు ఆలస్యం చేస్తుంది. నాకింగ్ ఆగుతుంది కానీ స్పార్క్ ఆలస్యమైతే పిస్టన్ మీద పడాల్సిన తోపు సరైన టైముకి పడదు, వేడి సైలెన్సర్ గుండా పోతుంది, అదే పనికి పెట్రోల్ ఎక్కువ కావాలి. ఆక్టేన్‌కీ మైలేజ్‌కీ ఉన్న సంబంధం ఈ ఒక్క దారిలోనే. ఇంజన్ నాక్ భయంతో వెనక్కి తగ్గి నడుస్తుంటే ఎక్కువ ఆక్టేన్ దాన్ని మళ్లీ ముందుకి రానిస్తుంది. అసలు వెనక్కి తగ్గకుండానే నడుస్తుంటే, మీ బండిలాగా, ఇంకా ఎక్కువ ఓర్పు పోసి ఏం చెయ్యాలి? గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు.

అందుకే బండి బండికీ సమాధానం మారుతుంది. మూత మీద రాసిన మాటని జాగ్రత్తగా చదవాలి. "కనీసం 91" అంటే 91 దగ్గరే ఆ ఇంజన్ పూర్తిగా పనిచేసేలా తయారుచేశారు. "95 సిఫార్సు, 91 వాడొచ్చు" అంటే 91తో నడుస్తుంది కానీ వేడిలో, లోడు మీద కొంచెం వెనక్కి తగ్గుతుంది. "95 తప్పనిసరి" అంటే మాత్రం బేరాల్లేవు. అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంఘం 2016లో మామూలు గ్రేడ్ చాలు అన్న బళ్లలో ప్రీమియం, అంటే ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోల్, పోసి చూసింది, చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు. 2017లో ప్రీమియం సిఫార్సు చేసిన బళ్లలో చూసింది, సగటున మైలేజ్ 2.7 శాతం, పవర్ 1.4 శాతం పెరిగాయి. చూశారా, సిఫార్సు ఉన్న బళ్లలోనే అంత. మీ 18 శాతం ఎక్కడ, ఆ 2.7 ఎక్కడ.

నా దగ్గరికొచ్చే ఒకాయన మీలాంటి ఇంజన్‌కే రెండేళ్లపాటు ప్రీమియమే కొట్టించాడు, నేను చెప్తే నమ్మడు. సరే పందెం అన్నా. మూడు ట్యాంకులు ప్రీమియం, మూడు ట్యాంకులు మామూలు, అదే ఆఫీసు దారి, ప్రతి ఫిల్లింగ్ రాసిపెట్టాలి. ప్రీమియంతో 15.9, మామూలుతో 15.8. ఆ 0.1 అనేది ఒక సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగినా వచ్చే తేడా. ఆయన అన్నమాట, "మరి పికప్ బాగున్నట్టు అనిపించేది కదా" అని. అనిపిస్తుందండీ. డబ్బు ఎక్కువ పెట్టాక చెవికీ కాలికీ అన్నీ బాగున్నట్టే ఉంటుంది, మీకు సగం ట్యాంకుతో అనిపించిందీ అదే అయ్యుంటుంది.

దీనికి ఎదురు కేసు కూడా ఉంది. ఒకరిది చిన్న టర్బో బండి, డైరెక్ట్ ఇంజెక్షన్, 95 తప్పనిసరి. 91 కొట్టిస్తున్నా ఏమీ కావట్లేదుగా అని అదే అలవాటు చేసుకున్నారు. మైలేజ్ 13 నుంచి 12 కిందకి వచ్చిందని తెచ్చారు. బండి కంప్యూటర్‌లోని నంబర్లు చదివే స్కానర్ పెట్టుకుని ఎత్తు ఎక్కిస్తూ చూస్తే కంప్యూటర్ స్పార్క్‌ని ఏడెనిమిది డిగ్రీలు వెనక్కి లాగుతోంది. పార్టులేమీ మార్చలేదు, 95 కొట్టించమన్నా. మొదటి ట్యాంకులో పెద్ద తేడా లేదు, రెండో ట్యాంకు అయ్యేసరికి 13 దగ్గరికి వచ్చింది. కంప్యూటర్ పాత పెట్రోల్‌ని గుర్తుపెట్టుకుని కొంతకాలం జాగ్రత్తగానే నడుపుతుంది, నమ్మకం కుదిరాక వదులుతుంది, కాబట్టి ఇలాంటి బళ్లలో ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పకూడదు. టర్బో బళ్లలో ఇంకో ప్రమాదం ఉంది, తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కితే స్పార్క్ కంటే ముందే మిశ్రమం అంటుకోవడం. అది నాకింగ్ కంటే చాలా దెబ్బ, ఒక్కసారికే పిస్టన్ పగిలిన సందర్భాలున్నాయి. దానికి ఆక్టేన్ ఒక్కటే చాలదు, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఇంజన్ ఆయిలే పోయాలి, ఎందుకంటే ఆయిల్ చుక్కలు కూడా దానికి కారణమే. టర్బో వాళ్లు పెద్ద గేర్‌లో ఈడ్చొద్దు, గేర్ తగ్గించి తొక్కండి.

కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్క, చూసి ఆక్టేన్ నిర్ణయించుకోవచ్చా అని కొందరు అడుగుతారు. పాతకాలం లెక్క అది, 9 అయితే మామూలుది, 10 దాటితే ప్రీమియం అని. ఇప్పుడు పనిచెయ్యదు. మాజ్డా స్కైయాక్టివ్ ఇంజన్ 14కి 1 కంప్రెషన్‌తో 95 ఆర్ఓఎన్ మీద నడిచింది, మామూలు గ్రేడ్ పోసుకునే అమెరికాకి 13కి తగ్గించి పంపారు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో ఆవిరై లోపల చల్లబరుస్తుంది, వాల్వ్ టైమింగ్ మార్చి కొంత తగ్గించుకుంటారు, ఇలా చాలా మార్గాలున్నాయి. ఆ లెక్కలన్నీ వేసే మూత మీద నంబర్ రాశారు, మనం మళ్లీ వెయ్యక్కర్లేదు.

ఒక్క చోట మాత్రం మూత మీద నంబర్ కంటే పైకి వెళ్లమంటా. బాగా తిరిగిన ఇంజన్‌లో పిస్టన్ నెత్తిన, వాల్వుల చుట్టూ మసి పేరుకుంటుంది. ఆ మసి కొంత చోటు ఆక్రమించి కంప్రెషన్ పెంచుతుంది, వేడిని పట్టి ఉంచుతుంది, దాంతో ఇంజన్ అడిగే ఆక్టేన్ కొత్తప్పటికంటే కొన్ని పాయింట్లు పెరుగుతుంది. మీకు చెప్పిన పెట్రోలే పోస్తున్నా ఎత్తు మీద గలగల వినిపిస్తే ఒక గ్రేడ్ పైది పోసి చూడండి. ఆగిపోతే అది నాకింగే అని తేలిపోయింది. కానీ అక్కడితో ఆగొద్దు, అది నొప్పి మాత్ర. కారణం మసి కావచ్చు, కాలిన గ్యాసు కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మూసుకుని ఉండిపోవడం కావచ్చు, కూలెంట్ తగ్గి ఇంజన్ వేడెక్కడం కావచ్చు, మీ ఇంజన్‌కి చెప్పినదానికంటే ఎక్కువ వేడెక్కే రకం ప్లగ్గులు వేసుండొచ్చు. మీరు సౌండ్ గురించి ఏమీ రాయలేదు కాబట్టి మీకిది లేదనే అనుకుంటున్నా.

ఇంజన్ శుభ్రపడుతుంది అన్న మీ ఫ్రెండ్ మాటలో కొంత నిజం ఉంది, కాకపోతే అది ఆక్టేన్ పని కాదు, అందులో కలిపే డిటర్జెంట్ల పని. కొన్ని కంపెనీలు ఖరీదైన గ్రేడ్‌లో అవి ఎక్కువ కలుపుతాయి. మీది పోర్ట్ ఇంజెక్షన్, అంటే ఇన్‌టేక్ వాల్వుల ముందు పెట్రోల్ చల్లే రకం, అయితే ఇంజెక్టర్లకీ, ఇన్‌టేక్ వాల్వులకీ కొంత మేలే. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ అసలు ఇన్‌టేక్ వాల్వుని తాకదు, కాబట్టి ఎంత ఖరీదైనది పోసినా ఆ వాల్వు మసి పోదు. ఇక డబ్బాల్లో అమ్మే ఆక్టేన్ బూస్టర్లు, వాటి మీద "30 పాయింట్లు పెంచుతుంది" అని రాసుంటే 91 కాస్తా 121 అవుతుందని కాదు, వాళ్ల భాషలో ఒక పాయింట్ అంటే 0.1. ముప్పై పాయింట్లంటే 3. కొన్నింట్లో లోహాల మందులు ఉంటాయి, ప్లగ్గుల మీద ఎర్రగా తుప్పురంగు పట్టి వచ్చిన బళ్లు చూశా. వద్దు.

ఇథనాల్ సంగతి. దాని ఆక్టేన్ చాలా ఎక్కువ, ఆర్ఓఎన్ 108, 109 దాకా ఉంటుంది. కానీ లీటరుకి శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, సుమారు 21 మెగాజౌళ్లు. 10 శాతం కలిపితే మైలేజ్ 3 శాతం చొప్పున, 20 శాతం కలిపితే 6, 7 శాతం చొప్పున తగ్గడం లెక్క ప్రకారమే. దాని కోసమే కంప్రెషన్ పెంచి చేసిన ఇంజన్ అయితే ఎక్కువ ఆక్టేన్‌ని వాడుకుని కొంత వెనక్కి తెచ్చుకుంటుంది, పాత ఇంజన్ తెచ్చుకోలేదు. అంటే ఆక్టేన్ పెరిగి మైలేజ్ తగ్గడం కూడా జరుగుతుంది, నంబర్ పెద్దదైతే మైలేజ్ పెరుగుతుందన్న నమ్మకం తప్పనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మీ 17 వచ్చిన రోజుల్లో, ఇప్పుడు, మీరు పోసే పెట్రోల్‌లో ఇథనాల్ శాతం మారిందేమో చూడండి. మారితే ఒక ముక్క అక్కడ దొరికినట్టే. మొత్తం మాత్రం అక్కడ దొరకదు.

ఇప్పుడు అసలు పని, మిగతాది ఎక్కడ పోయిందని.

ముందు ఆ 14 నిజమా కాదా తేల్చండి. డాష్‌బోర్డ్ మీద చూపించేది నమ్మొద్దు, నేను కొలిచిన బళ్లలో అది ఎక్కువగా ఉన్నదానికంటే మంచిదే చూపించింది. ఫుల్ ట్యాంక్ చేయించండి, పైపు దానంతటది మొదటిసారి టక్కున ఆగగానే ఆపెయ్యమనండి, ఇంకో రెండు చుక్కలు కుక్కొద్దు. ట్రిప్ మీటర్ సున్నా చెయ్యండి. మళ్లీ అదే బంకు, అదే పంపు దగ్గర అలాగే ఫుల్ చేయించి, పట్టిన లీటర్లతో కిలోమీటర్లని భాగించండి. ఒక్క ట్యాంకు చాలదు, మూడు ట్యాంకులు కలిపి లెక్కెయ్యండి. సగం సగం కొట్టించి ముల్లు చూసి లెక్కేసిన మైలేజ్‌కి విలువ లేదు.

ఈమధ్య టైర్లు మార్చారా? మీరు రాయలేదు. ఒకాయన 195/65 సైజు 15 అంగుళాల టైర్లు తీసేసి అందంగా ఉంటాయని 215/65 వేయించాడు. టైరు చుట్టుకొలత 4 శాతం పెరిగింది, అంటే బండి 104 కిలోమీటర్లు పోతే మీటర్ 100 అని చూపిస్తుంది. మైలేజ్ పడిపోయిందని గోల, అందులో 4 శాతం కేవలం మీటర్ తప్పు లెక్క. మిగతాది వెడల్పు టైరు రాపిడి.

టైర్లలో గాలి సంగతి అందరూ చెప్తారు, నేనూ చెప్తా కానీ దాన్ని మరీ పెద్దది చెయ్యను. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజ్ సుమారు 0.2 శాతం తగ్గుతుంది. పది పీఎస్ఐ తక్కువున్నా 2 శాతమే. గాలి పెట్టించండి, మైలేజ్ కంటే టైరు పేలకుండా ఉండటానికి. ఎయిర్ ఫిల్టర్ కూడా అంతే. కార్బ్యురేటర్ రోజుల్లో ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోల్ ఎక్కువ తాగేది, ఇంజెక్షన్ బండిలో లోపలికి వెళ్లిన గాలిని కొలిచి దానికి తగ్గట్టే పెట్రోల్ పోస్తుంది, మూసుకుపోయిన ఫిల్టర్‌తో పికప్ తగ్గుతుంది కానీ మైలేజ్ పెద్దగా మారదు. ఈ రెండూ చూపించి 17 తెప్పిస్తా అన్నవాడి మాట నమ్మొద్దు.

18 శాతం లాంటి పెద్ద నష్టాలు నా అనుభవంలో మూడు చోట్ల దొరుకుతాయి.

ఒకటి, బ్రేక్ పట్టేయడం. బ్రేక్ ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ పిన్నులు ఎండిపోయో, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టో, ఏదో ఒక చక్రం కొంచెం రాసుకుంటూనే తిరుగుతుంది. మీకు నడిపేటప్పుడు తెలీదు, మెల్లమెల్లగా వచ్చింది కదా, అలవాటైపోయి ఉంటారు. చూడటం తేలిక. ఒక అరగంట మామూలుగా నడపండి, చివర్లో బ్రేక్ తక్కువ వాడి ఆపండి, దిగి ఒక్కో చక్రం మధ్యలో చెయ్యి దగ్గరగా పెట్టండి, ముట్టుకోవద్దు కాలుతుంది. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి సెగలు కక్కుతుంటే అదే దొంగ. చదును నేల మీద న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తోసి చూడండి, ముందు కదిలినంత సులువుగా కదలకపోయినా అదే. గుర్తుంది, ఒక బండికి రెండు చోట్ల సెన్సార్లు మార్చేసి, ఇంజెక్టర్లు కడిగించి, ప్లగ్గులు మార్పించి చివరికి నా దగ్గరికి తెచ్చారు, జాకీ మీద ఎత్తి వెనక చక్రం తిప్పితే తిరగట్లేదు. గ్రీజు పూసి పంపా. కొండను తవ్వి ఎలుకను పట్టడం కూడా కాదు, ఎలుక గుమ్మంలోనే ఉంది.

రెండు, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోవడం. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వెళ్లకుండా ఆపే వాల్వు అది. ఇది మంచి దొంగ, ఎందుకంటే బండి వేడెక్కదు కాబట్టి అందరూ సంతోషిస్తారు. ఇంజన్ 80 డిగ్రీల పైన, 90 దగ్గర నడవాలి. అది తెరుచుకుని ఉంటే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరుగుతూ ఇంజన్ 60, 70 దగ్గరే ఉండిపోతుంది, కంప్యూటర్ ఏమో ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. టెంపరేచర్ ముల్లు సగానికి రాకుండా కిందే తిరుగుతోందా, హైవే మీద ఇంకా పడుతోందా చూడండి. ముల్లు లేని బండి అయితే చిన్న ఓబీడీ స్కానర్ పెట్టి నంబర్ చదవండి.

మూడు, ఆక్సిజన్ సెన్సార్. సైలెన్సర్ పైపులో ఉంటుంది, మంట సరిగ్గా కాలిందా అని చెప్పేది అదే. ముసలిదైతే నెమ్మదిస్తుంది, అబద్ధం కూడా చెప్తుంది, చాలాసార్లు చెక్ ఇంజన్ లైట్ వెలగకుండానే. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు నంబర్లు ఉంటాయి, కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచి, తగ్గించి పోస్తోందో చెప్పేవి, లాంగ్ టర్మ్ది ప్లస్ 5, మైనస్ 5 మధ్యలో ఉంటే కంగారు లేదు. ప్లస్ 12, 15 చూపిస్తే కంప్యూటర్ అదనంగా పోస్తోందని. అప్పుడు కూడా వెంటనే సెన్సార్ కొనేయొద్దు, గాలి ఎక్కడైనా లీకై లోపలికి వస్తోందా, గాలి కొలిచే సెన్సార్ మురికిగా ఉందా ముందు చూడమనండి.

ఇవేవీ కాకపోతే నడిపే తీరు. ఏడాది కిందట మీ ఆఫీసు మారిందా, ట్రాఫిక్ పెరిగిందా, ఒక్కో ట్రిప్పు మూడు నాలుగు కిలోమీటర్లకి తగ్గిందా? చల్లటి ఇంజన్ మొదటి కొన్ని కిలోమీటర్లు విపరీతంగా తాగుతుంది, వేడెక్కేలోపే ఆపేస్తే రోజంతా ఆ తాగుడే. ఊరికే నిలబెట్టి ఆన్‌లో ఉంచితే చిన్న ఇంజన్ కూడా గంటకి అర లీటరు పైనే, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. హైవేలో గాలి అడ్డు వేగానికి వర్గంలా పెరుగుతుంది, 80 నుంచి 100కి వెళ్తే ఆ అడ్డు ఒకటిన్నర రెట్లు పైనే. పైన లగేజీ కడ్డీలు ఊరికే బిగించి ఉంచారేమో కూడా చూడండి. పల్లంలో న్యూట్రల్ చేస్తే ఆదా అన్నది పాత మాట, ఇంజెక్షన్ బండిలో గేర్‌లోనే ఉంచి కాలు తీసేస్తే ఇంజెక్టర్లు పూర్తిగా ఆగిపోతాయి, న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్‌కి పోస్తూనే ఉంటాయి, పైగా బ్రేక్ ఒక్కటే దిక్కవుతుంది.

మీ చోట నేనుంటే ఈ వారం చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తా, టెంపరేచర్ ముల్లు చూస్తా, రెండింటికీ రూపాయి ఖర్చు లేదు. తర్వాత మూడు ట్యాంకులు 91 కొట్టించి పైన చెప్పినట్టు రాసిపెడతా. ట్యాంకులో ఉన్న సగం 97ని తీయించక్కర్లేదు, నడిపి ఖాళీ చేసెయ్యండి. మూడు ట్యాంకుల లెక్క, టైరు సైజు, టెంపరేచర్ ఎంత చూపిస్తోందో, స్కానర్ దొరికితే లాంగ్ టర్మ్ ట్రిమ్ నంబర్, ఈ నాలుగూ ఇక్కడే కింద రాయండి, అప్పుడు ఏ చక్రం విప్పాలో, ఏది విప్పక్కర్లేదో చెప్తా.